రివ్కాకి నా చేతి వంట

ఒక మనిషికి ఒక్క పూట అన్నం పెట్టాలంటే ముందు వాళ్ళ గురువుగారి అనుమతి కావాలని నాకెవరైనా చిన్నప్పుడు చెప్పి ఉంటే పకపకా నవ్వేదాన్ని. అదీ పులిహోరకి! అయినా ఆ అనుమతి సంపాదించుకున్నాను. సంపాదించుకుని, డిసెంబరులో ఒక శుక్రవారం పొద్దున్నే మా ఊరు ఎడిసన్ రైలు స్టేషన్‌లో, చెవుల దాకా టోపీ లాక్కుని, రెండు సంచులతో నిలబడ్డాను. ఒక సంచిలో బట్టలు. రెండో దాంట్లో సీలు తియ్యని బియ్యం, చింతపండు, పప్పులు, పచ్చిమిరపకాయలు, తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు. మా ఆయన కారులోంచి తల బయటపెట్టి, "పాస్‌పోర్ట్ తెచ్చుకున్నావా, ఇంకో దేశం వెళ్తున్నట్టున్నావ్" అని ఏడిపించాడు.

వెళ్తున్నది బ్రూక్లిన్‌లోని బరో పార్క్‌కి, రివ్కా ఇంటికి. రివ్కా, నేను పిస్కాటవేలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఇరవై ఏళ్ళకు పైగా కలిసి పనిచేశాం. రిటైరయ్యాక ఆవిడ భర్తతో బ్రూక్లిన్ వెళ్ళిపోయింది. యూదుల ఆచారాలు ప్రాణంగా పాటించే మనిషి. వాళ్ళ శాస్త్రం ఒప్పుకున్న తిండిని కోషర్ అంటారు. మాంసం, పాలు కలవకూడదు. మాంసానికి గిన్నెలు వేరు, పాలకి గిన్నెలు వేరు, చివరికి కడిగే సింకులు కూడా వేరు. బయటివాళ్ళు తమ వంటింట్లో వండింది వీళ్ళు ముట్టరు. నాకివేం వింతగా తోచలేదు. మా నాయనమ్మ మడి కట్టుకుంటే మేం పిల్లలం ఆమడ దూరంలో నిలబడేవాళ్ళం.

కష్టమంతా ఎక్కడొచ్చిందంటే, మధ్యాహ్నం భోజనం దగ్గర. ఇద్దరం ఎదురెదురుగా కూచునేవాళ్ళం. ఆవిడ ఇంట్లో బంగాళాదుంప తురుముతో కాల్చిన కుగెల్, జడలా అల్లిన రొట్టె నాకు పెట్టేది. కుగెల్‌లో గుడ్డు ఉంటుందని తెలిసి కూడా, అంత ప్రేమగా పెడితే కాదనలేక కళ్ళు మూసుకుని తినేదాన్ని. మరి నేను పెట్టేదో? ఇన్నేళ్ళలో నా చేతి మీదుగా రివ్కా తిన్నవి తొక్క తియ్యని అరటిపళ్ళు, నారింజపళ్ళు. అంతే! ఉగాదికి బొబ్బట్లు పట్టుకెళ్ళినా ఆవిడకి చూపించి నేను తినాలి. గోదావరి జిల్లా దాన్ని నేను. ఎదుటి మనిషికి పెట్టకుండా తింటే నాకు ముద్ద దిగదు.

నవంబరులో ఆవిడ ఫోన్ చేసింది. మా మాటలు ఎప్పుడూ ఇంగ్లీషులోనే, ఇక్కడ మన భాషలో రాస్తున్నాను. "వసూ, మేం జెరూసలేం వెళ్ళిపోతున్నాం, అమ్మాయి దగ్గరికి. ఇక అక్కడే ఉంటాం. ఈలోగా ఒక షబ్బాత్‌కి మా ఇంటికి రా" అంది. షబ్బాత్ అంటే శుక్రవారం పొద్దు గుంకేముందు మొదలై శనివారం చుక్కలు పొడిచేదాకా సాగే వాళ్ళ విశ్రాంతి దినం. ఏడుపు ఆపుకుని, "వస్తాను, కానీ ఒక వంటకం నేను చేస్తాను, నువ్వు తినాలి" అన్నాను. "మా గురువుగారిని అడిగి చెప్తాను" అంది.

వాళ్ళ గురువు రబ్బీగారు షరతులతో ఒప్పుకున్నారట. వంట ఆవిడ వంటింట్లో, ఆవిడ గిన్నెల్లో జరగాలి. పొయ్యి ఆవిడే వెలిగించాలి. సరుకులు సీలు తియ్యనివి కావాలి. కలిపి తయారుచేసిన వాటి మీద కోషర్ ముద్ర ఉండాలి. అన్నిటికీ తలూపాను గానీ ఇంగువ దగ్గర ఆగిపోయింది కథ. మన కొట్లలో దొరికే ఇంగువలో పిండి కలుస్తుంది, ముద్రా లేదు. ఇంగువ లేని పులిహోర! మా అమ్మ వింటే నన్ను గడప తొక్కనివ్వదు. సరే, అదీ ఒప్పుకున్నాను.

ఎనిమిదిన్నర దాటాక రైలొచ్చింది. టికెట్ ఫోన్‌లోనే కొనుక్కోవచ్చు, కిటికీ పక్కన చోటు దొరికింది. మెట్రోపార్క్ దాటాక ఎదుటి సీట్లో కుర్రాడు ల్యాప్‌టాప్ మూసి, "ఆంటీ, తెలుగేనా? కరివేపాకు వాసనొస్తుంటే డౌటొచ్చింది" అన్నాడు. వరంగల్ వాడు. వారానికి మూడు రోజులు సిటీలో ఆఫీస్‌కి రమ్మంటున్నారట, హెచ్‌వన్ వీసా ఎక్స్‌టెన్షన్ కోసం చూస్తున్నాడట. నా ప్రయాణం సంగతి చెప్పాను.

"గంత రిస్క్ ఎందుకు ఆంటీ, మంచిగ ఒక ఫ్రూట్ బాస్కెట్ ఆర్డర్ చేస్తే అయిపోతది గద!"

"ఇరవై ఏళ్ళు ఫ్రూట్సే పెట్టాను నాయనా" అన్నాను. నవ్వేసి మళ్ళీ ల్యాప్‌టాప్ తెరిచాడు. దిగేటప్పుడు మాత్రం బరువు సంచి తనే అందుకుని ప్లాట్‌ఫారం మీద పెట్టాడు.

పెన్ స్టేషన్ నుంచి ఒక వీధి అవతల హెరాల్డ్ స్క్వేర్ ఉంది. అక్కడ డి ట్రైన్ ఎక్కితే నేరుగా బరో పార్క్. మధ్యలో మాన్‌హాటన్ బ్రిడ్జి మీదికి వచ్చినప్పుడు ఏటి మీద ఎండ పడుతూ ఎంత బాగుందో! బ్రూక్లిన్‌లో కొంత దూరం వెళ్ళాక, తలకి గుడ్డ కట్టుకున్న ఒక పెద్దావిడ చక్రాల బుట్టతో ఎక్కి నా పక్కన కూచుంది. ఎవరింటికని అడిగి, షబ్బాత్‌కని చెప్పగానే ముఖం వెలిగిపోయింది. "తొందరగా వెళ్ళు. చలికాలపు శుక్రవారం చాలా పొట్టిది. మధ్యాహ్నం దాటితే మా ఇళ్ళల్లో ఎవరికీ తలుపు తీసే తీరిక కూడా ఉండదు" అంది. మీరెవరైనా వెళ్తే ఈ మాట గుర్తుంచుకోండి. పొడుగు చేతుల జాకెట్టు, కాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి, ఆ పేటలో అది మర్యాద.

యాభయ్యో వీధి స్టేషన్‌లో మెట్లు దిగేసరికి పదకొండు కావస్తోంది. రోడ్డంతా హడావుడి. నల్లకోట్ల మగవాళ్ళు పూలగుత్తులు పట్టుకుని ఇళ్ళకి పరుగులు పెడుతున్నారు. రొట్టెల కొట్టు ముందు బారులు తీరి జనం. మనకి పండగ ముందురోజు బజారు ఎలా ఉంటుందో అలా ఉంది, వీళ్ళకిది వారం వారం వస్తుంది.

రివ్కా తలుపు తీసి కావలించుకుంది. చిక్కిపోయింది. ఇల్లంతా అట్టపెట్టెలు. గోడల మీద ఫోటోలు తీసేసిన చోట రంగు తేడా కనిపిస్తోంది. మంగళవారం విమానం. "చూడకు, ముందు కాఫీ తాగు" అని నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది.

ఆ వంటింట్లో కుడివైపంతా ఎర్ర టేపు, మాంసానికి. ఎడమవైపు నీలం టేపు, పాలకి. రాత్రి భోజనంలో కోడికూర ఉంటుంది గనక పులిహోరకి ఎర్ర టేపు గిన్నె ఇచ్చింది. పొద్దుటే కోడి వండి తోమిన గిన్నె. శాకాహారిని, దాన్ని ఒకటికి రెండుసార్లు తిప్పి చూసుకున్నాను. కానీ ఆవిడ నాకోసం రబ్బీగారి దాకా వెళ్ళింది, నేనొక గిన్నెకి వంకపెడతానా! నాకోసం కొన్న చిన్న నెయ్యి సీసా ఒకటి తెచ్చుకున్నాను, ముద్ర చూసి మరీ కొన్నాను. దాన్ని నీలం వైపు పెట్టి, "ఇది ఇటు రాకూడదు" అని నవ్వుతూ వేలు చూపించింది.

మొదటి పరీక్ష కరివేపాకు. పురుగు తినడం వాళ్ళకి పెద్ద దోషం, అందుకని ఆకుకూరల్ని సబ్బునీళ్ళలో ఆడించి, లైటు పెట్టె మీద పరిచి చూస్తారు. "మా ఇంట్లో కుండీలో పెంచింది, మందులు కూడా కొట్టలేదు" అని గొప్పగా చెప్పాను. రివ్కా కళ్ళద్దాలు సర్దుకుని, ల్యాబులో స్లైడు చూసినట్టు ఒక్కో ఆకూ తిప్పి చూసింది. "మందు కొట్టలేదని ఇవి కూడా చెప్తున్నాయి" అని ఆకు వెనక చిన్న చిన్న చుక్కలు చూపించింది. అయ్యో రామా! పేనుబంక. సిగ్గుతో చచ్చాను. పెద్ద కట్టలోంచి చివరికి గుప్పెడు ఆకులు పాసయ్యాయి.

ఆవిడ పొయ్యి వెలిగించింది, నేను వండాను. పోపుకి రెండో పొయ్యి కావాలంటే మళ్ళీ పిలిచాను, మళ్ళీ వచ్చి వెలిగించింది. ఆవాలు చిటపటలాడినప్పుడు గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది. ఇంగువ లేకపోయినా వాసన బాగానే వచ్చింది, అబద్ధం చెప్పను. అన్నం, చింతపండు గుజ్జు, పోపు అన్నీ ఆ గిన్నెలోనే కలిపి సన్నని సెగ మీద ఉంచాను. మూడున్నర అయింది. నాలుగు దాటాక దీపాలు పెట్టాలి. రివ్కా హాల్లో వెండి దీపపు సెమ్మెలు తుడవడానికి వెళ్ళింది.

మీకు తెలుసు కదా, మన ఇళ్ళలో విస్తరిలో అన్నం పెట్టగానే నేతి చుక్క వేసి అన్నశుద్ధి చేస్తాం. ఆ చుక్క పడితేనే అన్నం పవిత్రం. మా నాయనమ్మ నేర్పింది, ఏ వంటయినా దించేముందు నా చెయ్యి దానంతట అదే నేతి గిన్నె కోసం వెతుకుతుంది. ఆ రోజూ వెతికింది. నీలం వైపు నుంచి సీసా తీశాను, మూత తిప్పాను, చెంచాతో నాలుగు చుక్కలు వేశాను. "శుద్ధి అయింది" అని మనసులో అనుకున్నాను కూడా. ఎర్ర టేపు అప్పుడు కనబడింది.

నేతి చుక్కలు వేడి అన్నంలోకి ఇంకిపోయాయి. పాలలోంచి వచ్చిన నెయ్యి, మాంసం గిన్నె, కింద మంట. ఎవరూ చూడలేదు. నెయ్యి కనబడదు కూడా. నోరు మూసుకుంటే చాలు, ఇరవై ఏళ్ళ కోరిక ఇంకో రెండు గంటల్లో తీరుతుంది. రివ్కా తింటుంది. నిజం చెప్తున్నాను, చాలాసేపు అలాగే నిలబడ్డాను. కానీ తెలియకుండా తినిపిస్తే అది పెట్టడం ఎలా అవుతుంది? ఆవిడ నన్ను నమ్మి పొయ్యి వెలిగించి ఇచ్చింది.

"రివ్కా" అని పిలిచాను. సంగతి చెప్పాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. కోప్పడలేదు, అదే నాకు మరీ కష్టంగా ఉంది. చప్పున పొయ్యి ఆర్పి, "ఎంత?" అంది. నాలుగు చుక్కలన్నాను. రబ్బీగారికి ఫోన్ చేసింది. బిజీ. మళ్ళీ చేసింది. మళ్ళీ బిజీ. శుక్రవారం సాయంత్రం ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఏదో ఒక గిన్నె గురించి అనుమానాలేనట. ఈలోగా వేళయింది. ఫోన్ కట్టేసి సొరుగులో పెట్టింది, ఇక రేపు రాత్రి దాకా తియ్యకూడదు. గిన్నె మీద మూత పెట్టి పక్కకి జరిపింది. "ఇప్పుడిది తిండి కాదు వసూ, ప్రశ్న. జవాబు వచ్చేదాకా అలాగే ఉండాలి" అంది.

ఆవిడ భర్త డోవ్ ప్రార్థనకి కోటు వేసుకుంటున్నాడు. తక్కువ మాటల మనిషి. "రబ్బీని అక్కడ నేనడుగుతాను. గిన్నె ఎంత నిండింది? నెయ్యి నేరుగా గిన్నెకి తగిలిందా, అన్నం మీద పడిందా?" అని నన్ను అడిగి, మూత తీసి తన కళ్ళతో చూసుకుని వెళ్ళాడు.

రివ్కా దీపాలు వెలిగించింది. చేతులతో మూడుసార్లు వెలుగుని తనవైపు తిప్పుకుని, కళ్ళు మూసుకుని ఏదో చెప్పుకుంది. భుజాలు కదిలాయి. ఈ ఇంట్లో ఇదే ఆఖరి షబ్బాత్. నేను ముక్కు చీదుకోవడానికి బాత్రూంలోకి వెళ్ళి, వస్తూ లైటు తియ్యబోతే అక్కడ కూడా స్విచ్ మీద టేపు వేసి ఉంది. ఆ రోజున మంటగానీ కరెంటుగానీ ముట్టుకోకూడదు.

అట్టపెట్టెల మధ్య సోఫాలో పక్కపక్కన కూచున్నాం. "నేను పాడు చేశాను" అన్నాను. ఏడుపొచ్చేసింది.

రివ్కా నా చెయ్యి పట్టుకుంది. "నీకు ఒకటి చెప్తాను. ల్యాబులో భోజనానికి ముందు నేను చేతులు కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు రాకపోయేదాన్ని, గుర్తుందా?"

"గుర్తుంది. నాకు ఆకలేసి తిట్టుకునేదాన్ని."

"నువ్వు డబ్బా మూత తీసేదానివి. ఆ వాసనకి నోరూరిపోయేది, అది కాస్త తగ్గాక వచ్చేదాన్ని. లేకపోతే నాకు నా రొట్టె సయించేది కాదు."

ఇరవై ఏళ్ళు! నాకొక్కదానికే అనుకున్నాను ఆ బాధ. ఆవిడ చెయ్యి నిమురుతూ కూచున్నాను.

బయట బాగా చీకటిపడ్డాక డోవ్ వచ్చాడు. వెనక ఇద్దరు ముసలాయనలు ఉన్నారు. ప్రార్థన దగ్గర ఒంటరిగా కనిపించినవాళ్ళని ఇంటికి భోజనానికి తీసుకురావడం వీళ్ళ అలవాటు. రివ్కా అతనివైపు చూసింది. డోవ్ కోటు విప్పి, తగిలించి, నిదానంగా అన్నాడు. "గిన్నెలో ఉన్నది ఆ నెయ్యికి అరవై రెట్లు ఉంటే నెయ్యి లేనట్టే లెక్క. అరవై కంటే చాలా ఎక్కువే ఉంది. తినొచ్చు."

నేను గభాలున లేచి, "నిజంగానా?" అన్నాను. రివ్కా పకపకా నవ్వింది, కళ్ళు తుడుచుకుంది.

అందరం బల్ల చుట్టూ కూచున్నాం. డోవ్ ద్రాక్షరసం గిన్నె ఎత్తి మంత్రం చదివాడు. చేతులు కడుక్కుని వచ్చాక నేను ఏదో అడిగితే ఒక్కరూ పలకరే! కోపం వచ్చిందేమో అనుకున్నాను. తీరా రొట్టె తుంచి ఉప్పులో అద్ది తిన్నాక అందరూ ఒక్కసారి మాట్లాడారు. చేతులు కడిగాక రొట్టె నోట్లో పెట్టేదాకా మౌనమట. మా తాతగారు విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పేటప్పుడు పలకరిస్తే ఇలాగే కళ్ళురిమేవారు.

చేప, సూపు, కోడి వాళ్ళకి. నాకు సలాడ్లు, వంకాయ. పులిహోర గాజు గిన్నెలో పసుప్పచ్చగా బల్ల మధ్యకొచ్చింది. అతిథులు ముందు అని రివ్కా ఆ ముసలాయనల వైపు జరిపింది. మొదటాయన ఒక చెంచా తిని, మిరపకాయ కొరికి, దగ్గి, నీళ్ళు తాగి, మళ్ళీ ముందుకు వంగి పెద్ద కుప్ప వేసుకున్నాడు. "ఈ పులుపు ఏమిటమ్మా?" అని రెండో ఆయన అడిగాడు. చింతపండు గురించి చెప్తుంటే ఆయనా వేసుకున్నాడు. డోవ్ వేసుకున్నాడు. ఇంటి ఇల్లాలు చివర. ఆవిడకి నేనే వడ్డించాను, నిలబడి, మా ఇంట్లో వడ్డించినట్టు.

రివ్కా ఫోర్కు పక్కన పెట్టి, నేను తినే పద్ధతిలో వేళ్ళతో ముద్ద తీసుకుంది. నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుని నెమ్మదిగా నమిలింది. ఆవాలు పంటి కింద పడితే ఆగి, మళ్ళీ నమిలింది. ఒక్క మెతుకు వదలకుండా కంచం ఖాళీ చేసింది. బాగుందని కూడా అనలేదు. కంచం నావైపు చాపి, "ఇంకొంచెం" అంది.

చెంచా పట్టుకుని గిన్నె వంచాను. అడుగున పసుపు మరకలు, రెండు శనగపప్పు గింజలు.

పెళ్ళిళ్ళలో వందమందికి కొలత చెప్పగల దాన్ని. నా వంటింట్లో మారు వడ్డించడానికి లేదన్న మాట ఈ జన్మలో అనలేదు. ఎవరు తింటారులే, తినరేమో, వృథా అవుతుందేమో అని భయపడి రెండు గిద్దెల బియ్యమే పోశాను. సంచిలో బియ్యం ఇంకా అలాగే ఉంది. కానీ షబ్బాత్‌లో పొయ్యి వెలిగించరు. శనివారం చీకటిపడగానే సామాను కట్టేవాళ్ళు వస్తారు, మొదట వంటింట్లోనే మొదలుపెడతారు. చింతపండు మొత్తం వాడేశాను, కరివేపాకు చెత్తబుట్టలో ఉంది. రివ్కా నా ముఖం చూసి చప్పున కంచం వెనక్కి తీసుకుని, "నాకు నిండిపోయింది వసూ" అంది. అబద్ధమాడటం చేతకాని మనిషి.

శనివారం సాయంత్రం ఆకాశంలో చుక్కలు కనబడ్డాక, అల్లిన కొవ్వొత్తి వెలిగించి, లవంగాలు వాసన చూసి షబ్బాత్‌ని సాగనంపారు. గుమ్మం దగ్గర ఇద్దరం చాలాసేపు పట్టుకుని నిలబడ్డాం. మళ్ళీ చూస్తానో లేదో. డి ట్రైన్ ఖాళీగా వచ్చింది. పెన్ స్టేషన్‌లో ఏడున్నర రైలు అందింది. కిటికీ అద్దంలో నా ముఖం తప్ప ఏం కనబడలేదు.

ఆ పేటకి మీరూ వెళ్ళి చూడండి. వారానికొకసారి చేతిలో పనంతా ఆపేసి, దీపం పెట్టుకుని, దారిన పోయేవాళ్ళని పిలిచి అన్నం పెట్టే మనుషులు వాళ్ళు. వాళ్ళ నియమాలు అడిగి తెలుసుకోండి, విసుక్కోకుండా చెప్తారు. అదృష్టం బాగుండి వంటింట్లోకి రానిస్తే మాత్రం ఎక్కువ వండండి. మిగిలిపోతుందని భయపడకండి.

ఎడిసన్‌లో మా ఆయన కారు హీటర్ వేసి ఉంచాడు. సంచులు వెనక సీట్లో పెడుతూ, "తిందా?" అని అడిగాడు.

"తిందండీ. సరిపోలేదు" అని, సీట్లో కూచుని భోరున ఏడ్చేశాను.